జాడలు వేఱు, జనులు వేఱు

సంఘమును గుఱించి తెలిసికొనగోరువాడు ఆ సంఘములోని మనుష్యులను చూడవలయునా, లేక వారు విడిచిన జాడలను చూచిన చాలునా? ఏబది యేండ్ల క్రిందట ఈ ప్రశ్న వేయువాడు లేడు. ఊరిని గుఱించి వ్రాయదలచినవాడు ఊరికి పోయెడివాడు, అరుగులమీద కూర్చుండెడివాడు, పొలమునకు పోవువారివెంట తానును పోయెడివాడు. నేడు అట్లు కాదు. మనము ఫోను తెఱచినపుడెల్ల ఒక జాడ పడుచున్నది. ఎవరితో మాటలాడితిమో, ఏ వస్తువు కొంటిమో, ఏ వార్తను ఎవరికి పంపితిమో, ఏ వేళ ఏ త్రోవను నడచితిమో, అంతయు ఎచ్చటనో వ్రాయబడుచున్నది. ప్రభుత్వ కార్యాలయములలో ఆధారు మొదలుకొని పట్టాదారు పాసుపుస్తకము వఱకు మన పేరు పదిచోట్ల కలదు. ఈ జాడలను ప్రోగుచేసి, యంత్రముచే లెక్కవేయించి, సంఘజీవనమునంతయు కూర్చున్నచోటినుండి కదలకయే తెలిసికొనవచ్చునని చెప్పు పండితులు దేశదేశములందును బయలుదేఱినారు. వారి పద్ధతిని నమ్మి పరిపాలనము సాగించిన అధికారులు మన రాష్ట్రమునందును కలరు.

మేము నూతన సాధనములకు విరోధులము కాము. రైలు వచ్చినప్పుడు ఎడ్లబండిని పొగడుచు కూర్చుండినవారి కోవలో మమ్ము చేర్పవలదని చదువరులను వేడుచున్నాము. దూరదర్శినివలన ఖగోళశాస్త్రము పెరిగినట్లే, ఈ జాడలవలన సమాజశాస్త్రమును పెరుగవచ్చును. మా వాదమంతయు ఒక్కటే: జాడ మనుష్యుడు కాదు. జాడనే మనుష్యుడని భ్రమించి, ఆ భ్రమమీద శాస్త్రమును, ఆ శాస్త్రముమీద శాసనమును కట్టినచో, ఆ కట్టడపు బరువు జాడ విడువని పేదలమీదనే పడును. ఈ మాటను గాలిలో చెప్పుట మాకిష్టము లేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములను ఎదుట పెట్టుకొని చెప్పుదుము.

ఆ ప్రాంతమునే ఏల గైకొనవలెనందురా? మన కాలపు ఒక గొప్ప సంఘగణనమునకు మాట యిచ్చినది అచ్చటనే. 2023 నవంబరు 10వ తేదీన కామారెడ్డి సభలో కాంగ్రెసు పక్షమువారు, తాము అధికారమునకు వచ్చినచో కులగణన చేయింతుమనియు, స్థానిక సంస్థలలో వెనుకబడిన తరగతులకు నూటికి 42 వంతుల స్థానములు కేటాయింతుమనియు ప్రకటించిరి. 2024 నవంబరు 6వ తేదీన ఆ సర్వే మొదలయ్యెను. ఉపాధ్యాయులు మున్నగువారు ఇల్లిల్లు తిరిగి కాగితముమీద వ్రాసికొనిరి. పిదప ఆ వ్రాతలు కంప్యూటరులలోని కెక్కెను. 2025 ఫిబ్రవరిలో ఫలితములు వెలువడెను. 3,54,77,554 మంది లెక్కకు వచ్చిరి. ముస్లిములలోని వెనుకబడినవారిని గూడ కలుపుకొని వెనుకబడిన తరగతులవారు నూటికి 56.33 వంతులని తేలెను. నూటికి మూడుమందికి మించి లెక్కకు రాలేదని ప్రభుత్వమే చెప్పి, వారికొఱకు అదే నెలలో మఱల అవకాశమిచ్చెను.

ఈ లెక్కలలోని రాజకీయమును ఇచ్చట విచారింపము. చదువరులు గమనింపవలసినది వేఱొకటి కలదు. గడపకు పోయి అడుగు పద్ధతిలో, అడుగబడనివారెందఱో అడిగినవానికి తెలియును. తాళము వేసిన ఇల్లు తాళము వేసిన ఇల్లుగానే పుస్తకమున నిలుచును. జాడలను ఏఱుకొను పద్ధతిలో ఆ తాళము కనబడదు. జాడ విడువనివాడు ఆ పండితునికి లోకముననే లేడు. తనకు కనబడనివారెందఱో తెలిసికొనజాలని శాస్త్రము, తాను చూచినదే లోకమని చెప్పుటకంటె వేఱేమి చేయగలదు?

ఇక ఆ ప్రాంతపు జీవనమును చూతము. కామారెడ్డి 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదునుండి విడివడి జిల్లాయయ్యెను. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి అను మూడు రెవిన్యూ డివిజనులతో ఏర్పడిన ఆ జిల్లా ప్రదేశమున 2011 లెక్కల ప్రకారము 9,72,625 మంది యుండిరి. మంజీరమీద 1931 నాటికి కట్టి ముగించిన నిజాంసాగరు నీరు కొన్ని ఊళ్లకు అందును. మిగిలిన ఊళ్లు చెఱువులను, బోరుబావులను, వానను నమ్ముకొనియుండును. నీరు చాలనిచోట మగవారు బొంబాయికో, గల్ఫు దేశములకో పోవుదురు. ఆడవారు బీడీలు చుట్టుదురు. ఈ రెండు బ్రదుకుతెరువులను యంత్రపు కంటితో చూచినచో ఏమి కనబడునో పరిశీలింపుడు.

దుబాయిలో కొడుకు, ఊరిలో తల్లి, కోడలు, బడికి పోవు పిల్లవాడు గల ఒక ఇల్లు ఊహింపుడు. ఇట్టి ఇండ్లు అచ్చట ఒకటి రెండు గావు. ఇంటిలో ఫోను ఒక్కటే. అది కొడుకు పేరిటిది. ప్రొద్దున దానిలో తల్లి భజన వినును. మధ్యాహ్నము కోడలు భర్తతో మాటలాడును. సాయంకాలము పిల్లవాడు ఆటలాడును. కంపెనీవారి పుస్తకములో వీరు ముగ్గురును గారు. భజనను, సంసారమును, పిల్లల ఆటను ఏకకాలమున ప్రేమించు ముప్పదియేండ్ల పురుషుడొక్కడే కలడు. అతడు ఊరిలోనున్నట్లు యంత్రము చెప్పును. అతడు ఎడారిలో ఇటుకలు మోయుచున్నాడు. అట్టి పురుషుడు భూమిమీద పుట్టలేదు. పుట్టని ఆ పురుషునిగుఱించి ఎన్ని పట్టికలు గీచినను, ఆ కోడలికి చేతిలో ఎంత రొక్కమున్నదో, అప్పు ఎవరికి తీర్పవలెనో, భర్తతో మాటలాడునపుడు అత్త ఎదుటనే మాటలాడవలసి వచ్చునో ఏమో తెలియదు. సంఘశాస్త్రమునకు కావలసినది అదియే గదా!

బీడీ చుట్టు స్త్రీ సంగతి ఇంకను విచిత్రమైనది. "అమ్మా, మీరేమి పని చేస్తారు?" అని లెక్క వ్రాయువాడు అడుగును. "నాకేం పని బిడ్డా, ఇంట్లనే ఉంట" అని ఆమె చెప్పును. చెప్పుచున్నప్పుడు ఒడిలో చాట యుండును; చాటలో తునికాకును, తంబాకును, దారమును, కత్తెరయు నుండును. గడపలో నిలిచినవాడు కన్నులు గలవాడైనచో ఆ చాటను చూచి మఱల అడుగును. ఫోనులో వచ్చిన పత్రమునకు ఇంటి కుఱ్ఱవాడు జవాబు నింపినచో "గృహిణి" యని వ్రాసి ముందునకు పోవును. చాట యెక్కడను కనబడదు. దినమంతయు వ్రేళ్లు అరుగునట్లు పనిచేసిన స్త్రీ పనిలేనిదానిగా శాశ్వతముగ నమోదగును. ఒక్కొక్కచోట చుట్టువారు తల్లికూతురు లిద్దఱు, కార్డుమీద పేరు ఒక్కరిది. రెండవ పేరు ఏ జాడను వెదకినను దొరకదు.

పేరులనుగుఱించి ఒక మాట చెప్పవలసియున్నది. ఎల్లారెడ్డి యనునది ఒక పట్టణము. కామారెడ్డికి ప్రక్కనున్న అడ్లూరు ఎల్లారెడ్డి మఱియొక గ్రామము. ఎల్లారెడ్డిపేట సిరిసిల్ల జిల్లాలోనిది. ఎల్లారెడ్డిగూడ హైదరాబాదు నగరములోని పేట. ఆ ప్రాంతపు పిల్లవానినడిగినను ఈ భేదము చెప్పును. అక్షరములను మాత్రమే పోల్చు యంత్రమునకు చెప్పువాడు కావలెను. ఊళ్ల పేరులే ఇట్లున్నచో, ఊరికి పదిమంది నర్సయ్యలును, ఇరువదిమంది లక్ష్ములును గల దేశమున మనుష్యుల పేరుల సంగతి యేమి? పైగా మన పేరును, ఇంటిపేరును ఇంగ్లీషు అక్షరములలో ఆధారులో ఒక తీరున, పాసుపుస్తకములో ఒక తీరున, ఓటర్ల జాబితాలో వేఱొక తీరున వ్రాయుదురు. ఒకడే మనిషి మువ్వురగును. మువ్వురు మనుష్యులు ఒక్కడగుదురు.

ఇది వేడుకకు చెప్పిన మాట కాదు. తెలంగాణ ప్రభుత్వము "సమగ్ర వేదిక" యను ఏర్పాటును నెలకొల్పి, వాహనములు, భూములు, పన్నులు, కరెంటు మొదలగు అనేక శాఖల పుస్తకములను పేరులనుబట్టియు, చిరునామాలనుబట్టియు ఒకదానితో నొకటి జతపఱచెను. ఎవరు పేదలో, ఎవరు కారో ఆ జతలవలన తేలునని తలచిరి. 2014 మొదలు 2019 వఱకు ఆ రాష్ట్రమున 18 లక్షలకు మించిన రేషను కార్డులు రద్దయ్యెను. ముందుగా నోటీసు లేదు. ఇంటికి వచ్చి చూచినవాడు లేడు. రిక్షాతో బ్రదికిన కుటుంబమునకు మోటారుకారు కలదని యంత్రము పలికిన ఉదంతమును పత్రికలు 2024లో వెల్లడించెను. కారు గలవాడు వేఱొకడు. పేరు మాత్రము పోలియుండెను. 2022 ఏప్రిలులో సుప్రీముకోర్టువారు, రద్దయిన కార్డులను క్షేత్రమునకు పోయి మఱల విచారింపుడని ఆజ్ఞాపించిరి. క్షేత్రమునకు పొండని దేశపు అత్యున్నత న్యాయస్థానము చెప్పవలసివచ్చెను! గడప దాటి ఒక్క ప్రశ్న అడిగియుండినచో తెలియు సంగతిని తెలిసికొనుటకు ఎనిమిదియేండ్లు పట్టెను. ఆ యేండ్లలో ఆ ఇండ్లవారు ఏమి తినిరో ఏ యంత్రమును వ్రాసికొనలేదు.

"ఇది అధికారుల తొందరపాటు, దీనిని సమాజశాస్త్రజ్ఞుల నెత్తిన వేయుట న్యాయమా?" అని కొందఱు మమ్మడుగవచ్చును. తొందరపాటు అధికారులదే, తర్కము మాత్రము ఇరువురిదియు నొక్కటే. దూరమునుండి చూచిన గుర్తులను జోడించినచో మనుష్యుని స్థితి తేటపడునని నమ్ముటయే ఆ తర్కము. పండితుడు దానితో వ్యాసము వ్రాయును. అధికారి దానితో బియ్యము ఆపును. వ్యాసము తప్పైనచో మఱియొక వ్యాసము వచ్చును. బియ్యము ఆగినచో పొయ్యి వెలుగదు. కావుననే ఆ తర్కమును దాని పుట్టినింటనే పరీక్షింపవలయునని మేము చెప్పుచున్నాము.

పటముల విషయమునను ఇట్లే జరిగినది. కామారెడ్డి పట్టణపు మాస్టరు ప్లానుయొక్క చిత్తుప్రతిలో చుట్టుప్రక్కల ఊళ్ల సాగుభూములు పరిశ్రమల ప్రదేశముగా చూపబడెను. 2023 జనవరిలో రైతులు కలెక్టరు కార్యాలయముకడకు వెల్లువగా వచ్చిరి. ఆ నెలలోనే పురపాలక సంఘమువారు దానిని రద్దుచేయుచు తీర్మానించిరి. పటముమీద భూమి కనబడును. దాని విస్తీర్ణము కనబడును. ఆ మడిమీద తెచ్చిన అప్పు, దానిని నమ్ముకొని కుదిర్చిన బిడ్డ పెండ్లి, అన్నదమ్ముల మధ్య తేలని పంపకము కనబడవు. ఇవన్నియు గ్రామమున అందఱికిని తెలిసిన సంగతులే. అడుగువాడు లేకపోవుటయే కొఱత.

జాడల పక్షమువారు మూడు ప్రబలమైన వాదములు చేయుదురు. వానిని దాచక విచారింతము. మొదటిది: "మావద్ద కోట్లమంది సమాచారమున్నది, మీ గ్రామ పరిశోధకునివద్ద నూఱిండ్లే కలవు" అని. సంఖ్య పెద్దదైనంతమాత్రమున సత్యము పెద్దది కాదు. 1936లో అమెరికాలో ఒక పత్రికవారు అధ్యక్షుని ఎన్నికకు ముందు సుమారు కోటిమందికి కార్డులు పంపి, ఇరువది లక్షలకు మించిన జవాబులు తెప్పించుకొని, ల్యాండను గెలుచునని ప్రకటించిరి. రూజ్‌వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. పత్రికవారు టెలిఫోనులును, మోటారులును గలవారి జాబితాలనుండి పేరులను తీసికొనిరి. పేదల పేరులు ఆ జాబితాలలో అరుదు. ఆ యేటనే గ్యాలపుగారు కొన్ని వేలమందినే తగినట్లు ఎన్నుకొని అడిగి, ఫలితమును సరిగా చెప్పిరి. ఇది జరిగి తొమ్మిది పదుల యేండ్లు కావచ్చుచున్నది. అయినను, నూఱిండ్లను ఎఱిగినవానికంటె కోటి జాడలను పోగుచేసినవాడే పెద్దశాస్త్రజ్ఞుడను భ్రమ మనలను విడువలేదు.

రెండవది: "జాడ అబద్ధమాడదు, అడిగినచో మనుష్యులు అబద్ధమాడుదురు" అని. జాడ అబద్ధమాడదు; దాని అర్థమును చెప్పువాడు పొరబడును. గూగిలువారు 2008లో జనులు వెదకు మాటలనుబట్టి ఫ్లూ జ్వరము ఎంత వ్యాపించినదో చెప్పసాగిరి. 2012–13 శీతకాలమున అది వైద్యశాఖవారి లెక్కకు సుమారు రెట్టింపు చెప్పెను. 2015లో ఆ పని మానుకొనిరి. జ్వరమునుగుఱించి వెదకినవాడెల్ల జ్వరపీడితుడు గాడు. వార్త చూచి భయపడినవాడును వెదకును. ఇక మౌనమునకు జాడయే లేదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున ఎన్నడైన ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు నలుగురిలో ఒకరికంటె కొంచెమే ఎక్కువ. పురుషులలో సగమునకు మించియుండిరి. ఈ అంతరము తరువాత కొంత తగ్గియుండవచ్చును. తగ్గినను, వాట్సాపు గుంపులో చదివి ఊరకుండు స్త్రీ అభిప్రాయము లేనిది కాదు. పదిమంది మగవారెదుట వ్రాయుట ఆమెకు సాగదు. అఱచువాని మాటను ఊరిమాటయనుకొనుట పరిశోధనము కాదు.

ఈ సందర్భమున మన సురవరము ప్రతాపరెడ్డిగారు స్మరణీయులు. తెలంగాణమున కవులు లేరని ఒకరు వ్రాసినపుడు, ఆయన వాదులాడుచు కూర్చుండక ఊరూరినుండి పద్యములు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో "గోలకొండ కవుల సంచిక"ను వెలువరించిరి. కవులు లేకపోలేదు, వ్రాసికొన్నవారు లేకపోయిరి. 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో ఆయన రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనుల తిండి, బట్ట, ఆట, నమ్మకము మున్నగువానిని కావ్యములనుండియు, సామెతలనుండియు ఏఱి తెచ్చిరి. ఆయనయు జాడలనే ఏఱిరి గదా యని జాడల పక్షమువారనవచ్చును. అవును, ఆయన వెదకిన జనులు గతించిరి, వారిని పోయి అడుగుట అసాధ్యము. బ్రదికియున్నవారిని గతించినవారివలె చూచుటకు మనకేమి నెపమున్నది?

మూడవ వాదము: "గ్రామమున నివసించి చేయు పరిశోధనము ఖర్చుతో కూడినది, ఆలస్యమైనది" అని. ఇందు కొంత నిజము కలదు. కాని చౌకయైన మార్గమునను గడప తప్పదని ఆ పక్షమువారి ఉత్తమగ్రంథములే చెప్పుచున్నవి. ఆఫ్రికాలోని రువాండాలో 15 లక్షలమంది ఫోను జాడలనుండి సంపదను, పేదఱికమును అంచనావేసిన పరిశోధనము 2015లో ప్రకటితమయ్యెను. ఆ పండితులు ముందుగా 856 మందిని పలుకరించి, వారి ఇంటి స్థితిగతులను అడిగి తెలిసికొనిరి. ఆ 856 మంది జవాబులే లేకున్నచో 15 లక్షల జాడలకు అర్థమే లేదు. తాళపుచెవి చిన్నది, తాళము పెద్దది, తెఱచునది చెవియే.

మన చెంతనే మంచి మార్గదర్శకులు కలరు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఎస్.సి. దుబేగారు 1951–52లో హైదరాబాదు సమీపమున శామీర్‌పేటలో పలుశాఖల విద్యార్థులతో నిలిచి పరిశోధించి, 1955లో ప్రకటించిన గ్రంథము భారత గ్రామమునుగుఱించిన తొలి సమగ్ర పరిశోధనములలో నొకటి. "ఆనాడు ఫోనులు లేవు గదా" యందురా? ఫోనుల కాలమునకు తగిన ఉదాహరణమును కలదు. మదరాసు సమీపమున ఒక ప్రాంతమునకు "పంచగ్రామి" యని మాఱుపేరు పెట్టి, శ్రీరాం వెంకటరామనుగారు పదునైదు నెలలు అచ్చట నివసించి, జనులు ఫేసుబుక్కును, వాట్సాపును ఎట్లు వాడుదురో కన్నులార చూచి వ్రాసిన గ్రంథము 2017లో వెలువడెను. తెఱమీది జాడను, తెఱ ముందఱి మనుష్యుని ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే వారు చేసినది. మేము కోరునది అదియే. అంతకు మించి లేదు.

మైసూరు ప్రాంతపు రాంపుర గ్రామమున 1948లో నివసించిన ఎం.ఎన్. శ్రీనివాసుగారి కథ మఱియు బోధప్రదమైనది. 1970 ఏప్రిలు 24వ తేదీన అమెరికాలో ఆయన పనిచేయుచున్న భవనమునకు దుండగులు నిప్పుపెట్టగా, ఏండ్లతరబడి తీర్చి వ్రాసికొన్న పత్రములు దగ్ధమయ్యెను. ఆయన జ్ఞాపకమునుండియే గ్రంథమును వ్రాసిరి. అది 1976లో వెలువడి నేటికిని చదువబడుచున్నది. కాగితము కాలినను ఊరు ఆయన మనస్సున మిగిలెను. జాడలమీదనే బ్రదుకు పరిశోధకునికి ఈ భాగ్యము లేదు. 2023లో ట్విట్టరువారు ఉచితముగా సమాచారమిచ్చుట మానిరి. 2024 ఆగస్టులో ఫేసుబుక్కు యజమానులు క్రౌడుటాంగిలు అను పరిశోధకుల సాధనమును మూసిరి. దేశదేశములందు ఎన్నియో పరిశోధనములు నడివీథిని నిలిచిపోయెను. మన సంఘమునుగుఱించి మనము తెలిసికొనవలెనన్న విదేశపు వర్తకుని దయ కావలసివచ్చుట శాస్త్రమునకు గౌరవమా?

మర్యాద విషయమును విడువరాదు. గ్రామమునకు వచ్చిన పరిశోధకుని "నీవెవరవు? ఎవరు పంపిరి? ఇది వ్రాసి ఏమి చేయుదువు?" అని గ్రామస్థుడు ఎదురడుగగలడు, ఇష్టము లేనిచో తలుపు వేసికొనగలడు. జాడలను ఏఱువానిని ఎవరును అడుగజాలరు. 2012 జనవరిలో ఒక వారముపాటు 6,89,003 మంది ఫేసుబుక్కు చదువరులకు, వారిని అడుగకయే, సంతోషపు మాటలనో దుఃఖపు మాటలనో తగ్గించి చూపి, వారి మనస్సు ఎట్లు మాఱునో పరీక్షించిరి. 2014లో ఫలితమును ప్రకటించినపుడుగాని వారికి సంగతి తెలియదు. మన దేశమున వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పరిశోధనకు మినహాయింపు నిచ్చుచు, ఆ సమాచారముతో ఫలానా వ్యక్తినిగుఱించి నిర్ణయము చేయరాదని షరతు పెట్టినది. షరతు మంచిదే. దానిని అడిగి నిలబెట్టుకొను జనులు లేనిచో అది కాగితముమీదనే యుండును.

కావున మా సూచనలు మూడు. పండితులకు: జాడలనుండి మీరు ఏమి తేల్చినను, కొన్ని గడపలకైనను పోయి దానిని పరీక్షింపుడు, లెక్కకు రానివారెవరో మొదటి పుటలోనే చెప్పుడు, తేల్చినదానిని ఆ ఊరిలోనే తెలుగున చదివి వినిపింపుడు. తమనుగుఱించిన వ్రాతలో తప్పును ఊరివారికంటె బాగుగా పట్టువారెవరు? విద్యాలయములకు: భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణము కలదు, కామారెడ్డిలో కళాశాలలు కలవు. విద్యార్థులు ఫోనులో ప్రశ్నపత్రము పంపి వచ్చినంత ప్రోగుచేసికొనుట మాని, ఏటికి ఒక్క గ్రామమునందైనను ఒక్క మాసము నిలిచి, బీడీ చుట్టు ఇండ్లను, గల్ఫునకు పోయినవారి ఇండ్లను వారి సమ్మతితో ఎఱిగి వ్రాయవలయును.

మూడవ సూచన మీకు, గృహస్థులైన చదువరులకు. 2025 జూన్ 16న ప్రకటింపబడిన జనాభా లెక్క 2027 మార్చి 1ని గణనసమయముగా పెట్టుకొన్నది. కాగితమునకు బదులు ఫోనులలో వ్రాసికొను మొదటి జనాభా లెక్క యిది. 1931 తరువాత అన్ని కులముల సంఖ్యలును వెల్లడికానున్న లెక్కయు నిదియే. ఇంటివారే స్వయముగ నింపుకొను వీలును కలదు. ఆ పత్రమును ఇంటి మగపిల్లవానికి ఒప్పగించి ఊరకుండవలదు. ఇంటిలోని ప్రతి స్త్రీని ఆమె పని ఏమో ఆమె నోటనే చెప్పనిండు. చాట ముందఱ కూర్చున్న తల్లిని "పనిలేనిది" అని వ్రాయువాడు కన్నకొడుకైనను తప్పు తప్పే. ఇరుగుపొరుగున చదువురానివారుండినచో వారి పత్రమును వారికి చదివి వినిపింపుడు. ఏ కార్డు రద్దైనను, ఏ పింఛను ఆగినను, "యంత్రము చెప్పినది" యను జవాబును జవాబుగా అంగీకరింపక, చూడవచ్చినవాడెవడని అడుగుడు.

సంఘమును సంస్కరింపదలచినవారు ముందుగా దానిని ఎఱుగవలెను. మన పెద్దలు వితంతువుల దుఃఖమును, వెట్టివారి బాధను పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. ఇండ్లకు పోయి, కన్నీరు చూచి తెలిసికొనిరి. యంత్రము మనకు త్రోవ చూపనిండు, వద్దనము. ఆ త్రోవ గడప దాక పోవలయును. తలుపు తట్టవలసినది మన చేయి.